పిల్లల తండ్రికి తాగుడు మాన్పించే వైద్యం వెతుకుతూ: నా అనుభవం

మా వాడలో కార్తీకం వస్తోందంటే ఆడవాళ్లకు కాస్త ఊపిరాడుతుంది. తాగే మగవాళ్లు చాలామంది అయ్యప్ప మాల వేసుకుంటారు. ఆ 41 రోజులూ ఇంట్లో గొడవ ఉండదు, జీతం ఇంటికొస్తుంది, పిల్లలు తండ్రి వెనకాలే 'స్వామీ స్వామీ' అంటూ తిరుగుతారు. మా ఆయన కూడా ఏటా వేసుకునేవాడు. ఇరుముడి కట్టుకుని శబరిమల పోయొచ్చేవాడు. మాల తీసిన నాలుగు రోజులకు మళ్లీ మొదలు. దాంతో ఇంట్లో అందరికీ ఒక మాట గట్టిపడిపోయింది. 'మాలలో ఉన్నప్పుడు మానిండు కదా, మామూలప్పుడు ఎందుకు మానడు? మనసు పెడతలేడు, అంతే.' అత్తమ్మ అదే అనేది, మా బావ అదే అనేవాడు. చివరికి ఆయన కూడా తన గురించి అదే అనుకునేవాడు.

ఆ మాట ఎంత ప్రమాదమైనదో 2022లో తెలిసింది.

మా ఆయన వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో గుమాస్తా. మిర్చి సీజన్‌లో పొద్దున చీకటితో పోతే రాత్రికి గానీ రాడు. తక్‌పట్టీలు, అంటే రైతుకిచ్చే అమ్మకం చీటీలు రాయడం, బస్తాల లెక్క చూడటం ఆయన పని. ముందు రాత్రిపూట తాగేవాడు. ఆ తర్వాత సాయంత్రం నుంచే. లాక్‌డౌన్ తర్వాత పొద్దున కూడా మొదలైంది. సరదా కోసం కాదు. పొద్దున ఒక క్వార్టర్ పడకపోతే పెన్ను పట్టిన చెయ్యి ఆగేది కాదు, రాసిన అంకె ఆయనకే అర్థమయ్యేది కాదు. ఆ స్థితిలో ఆ నవంబర్‌లో మాల వేసుకున్నాడు. వేసుకున్న పొద్దున్నుంచి చుక్క ముట్టలేదు. మేమంతా సంతోషపడ్డాం.

రెండో రోజు రాత్రి గురుస్వామి వాళ్లింట్లో భజన. శరణుఘోష జరుగుతుండగా ఆయన ఒళ్లు బిర్రబిగుసుకుపోయి కింద పడ్డాడు. కాళ్లు చేతులు కొట్టుకుంటున్నాయి, నోట్లోంచి నురగ. చుట్టూ ఉన్నవాళ్లు 'స్వామి ఒంటి మీదికొచ్చిండు' అని దండాలు పెట్టారు, ఒకరు కర్పూరం వెలిగించారు. మాలలోనే ఉన్న ఒక కాంపౌండర్ స్వామి మాత్రం ముందుకొచ్చి ఆయన్ని పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి, 'గిది పూనకం కాదమ్మా, ఫిట్స్. 108కు ఫోన్ కొట్టుండ్రి' అన్నాడు. ఆయన ఆ రోజు అక్కడ లేకుంటే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా నాకు ధైర్యం చాలదు.

ఎంజీఎం ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: 'చివరిసారి ఎప్పుడు తాగాడు?' ఎంత తాగాడని కాదు, ఎప్పుడు ఆపాడని. తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్ల మెదడు ఆ మత్తుకు తగ్గట్టు తనను తాను సర్దుకుని పని చేస్తుంటుంది. ఒక్కసారిగా ఆపేస్తే పగ్గాలు తెగినట్టు అదుపు తప్పుతుంది. ఆపిన ఆరేడు గంటల నుంచే వణుకు, చెమటలు, వాంతులు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొందరికి మతి తప్పుతుంది. లేని మనుషులు కనిపిస్తారు, ఒంటి మీద పురుగులు పాకుతున్నట్టుంటుంది. డెలిరియం ట్రెమెన్స్ అంటారట దాన్ని. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. అంటే ఇన్నేళ్లూ మేము ఏది భక్తి బలం అనుకున్నామో, అది ఆయన తాగుడు ఇంకా అంత ముదరకపోవడం. ముదిరాక అదే పని, అదే మాల, ప్రాణం మీదికి తెచ్చింది.

మూడో రోజు మా ఆయనకు మతి తప్పింది. మంచం మీద కూర్చుని మార్కెట్లో ఉన్నాననుకున్నాడు. దుప్పటి అంచును మడత పెట్టి దాని మీద వేలితో రాస్తున్నాడు. 'నలభై రెండు కిలోలు... తాలు తియ్యి... రాసుకో... ఇంకో బస్తా ఎత్తు' అని ఎదురుగా లేని హమాలీని కేకలేస్తున్నాడు. పక్క మంచం వాళ్లు భయపడ్డారు. రోజూ చేసే పనినే ఇలా మతి లేకుండా చెయ్యడం ఈ జబ్బులో ఉండేదేనని నర్సమ్మ చెప్పింది. మా తమ్ముడు హమాలీ లాగా 'ఎత్తిన అన్నా, రాసుకో' అంటూ జవాబు చెబుతూ కూర్చుంటే కాసేపు నెమ్మదించేవాడు.

వార్డులో ఇచ్చిన వైద్యం గురించి రెండు సంగతులు రాయాలి, ఎందుకంటే ఇవి బయట జరగవు. ఒకటి, మత్తు దిగడానికి వాడే మాత్రలు మొదటి రోజు ఎక్కువ మోతాదులో ఇచ్చి రోజురోజుకూ తగ్గించుకుంటూ వారం పది రోజుల్లో ఆపేస్తారు. క్లోర్‌డయాజిపాక్సైడ్ అనే మాత్ర ఎక్కువగా వాడతారు, లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లకు లోరాజిపామ్. రెండోది, తయమిన్ అనే బి1 విటమిన్ ఇంజెక్షన్. తాగేవాళ్ల ఒంట్లో అది అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు శాశ్వతంగా నష్టం జరిగే ప్రమాదం ఉందట. మన ఊళ్లలో తాగి నీరసపడ్డ మనిషికి ఆర్‌ఎంపీ డాక్టర్ మొదట చేసే పని గ్లూకోజ్ సీసా తగిలించడమే. ఆ ఎండాకాలంలో మా ఆయనకూ తగిలించారు. ఇది తెలిసినప్పటి నుంచి ఎవరికైనా ఇంటి దగ్గర సీసా పెడుతున్నారంటే 'బి1 ఇంజెక్షన్ ముందు ఇచ్చారా' అని అడగడం నాకు అలవాటైంది.

డాక్టరమ్మ కల్లు సంగతి కూడా గుచ్చి గుచ్చి అడిగింది. ఏ కల్లు, ఎక్కడ, ఎన్ని సీసాలు? మన తెలంగాణలో చెట్టు నుంచి దించిన కల్లు వేరు, కొన్ని చోట్ల అమ్మే కల్తీ కల్లు వేరు. దాంట్లో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం లాంటివి కలుపుతారు. అది మానినప్పుడు వచ్చే ఫిట్స్, పిచ్చిచూపులు నిద్రమాత్రలు మానినప్పుడు వచ్చేలాంటివి, వాటికి మాత్రల లెక్క వేరేగా ఉంటుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి కల్లు, మందు దుకాణాలన్నీ ఒక్కసారి మూసేస్తే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం వణుకుతూ వరస కట్టింది ఇందుకే. పరువు పోతుందని 'కల్లు అలవాటు లేదు మేడమ్' అని మా బావ అనబోతుంటే ఆమె ఆపింది. దాస్తే మాత్రలు తప్పుతాయి అంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన పది ప్రశ్నల కాగితం ఒకటుంది. ఎన్ని రోజులకోసారి తాగుతారు, తాగడం వల్ల చెయ్యాల్సిన పని ఎప్పుడైనా ఆగిందా, పొద్దున లేవగానే కావాలనిపిస్తుందా, ఇలా. మొత్తం 40 మార్కులు. 20 వచ్చినా, దాటినా తాగుడుకు బానిసైనట్టు అనుకుని పూర్తి వైద్యం చూడాలి. ఆయన తేరుకున్నాక ఆ ప్రశ్నలు ఆయన్నే అడిగారు, జవాబులు ఆయనే చెప్పాడు. 20 ఎప్పుడో దాటింది. నేను, అత్తమ్మ ఏళ్లుగా చెప్పింది ఒకెత్తు, తన నోటితో చెప్పిన జవాబులకు వచ్చిన ఆ అంకె ఒకెత్తు. లెక్కల మనిషి కదా. ఆ కాగితం చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ చెప్పింది: 'ఒంట్లోంచి మత్తు దించాం. మానడం అనేది ఇప్పుడు మొదలవుతుంది.' ఎక్కడికి తీసుకెళ్లాలో వెతకడం అక్కడి నుంచి మొదలైంది.

ఎవరి సలహా వాళ్లది. పక్కింటామె ఒక పొట్లం తెచ్చింది. 'చాయ్‌లో కలిపి ఇయ్యి, మూడు నెలల్ల దానంతట అదే మానుతడు, ఆయనకు తెల్వొద్దు.' ఆర్టీసీ బస్సుల వెనక, గోడల మీద ఆ ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. ఆ పొట్లంలో ఏముందో దాని మీద రాసి లేదు. తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ అనే మాత్ర నిజంగా ఉంది, డాక్టర్లు వాడతారు. కానీ మనిషికి చెప్పి, ఒప్పించి, గుండె, లివర్ చూసి ఇస్తారు. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మాత్ర ఆపిన రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. తెలియకుండా పెట్టిన భార్య చేతిలో మనిషి పోతే ఆ పాపం ఎవరిది? పొట్లం ఆమెకే ఇచ్చేశాను.

మా బావ ఒక ప్రైవేటు సెంటర్ గురించి కనుక్కున్నాడు. పేరు రాయను. ఊరి బయట రెండంతస్తుల ఇల్లు, కిటికీలన్నిటికీ ఇనుప గ్రిల్. లోపల మగవాళ్లు నేల మీద వరసగా కూర్చుని ఉన్నారు, అందరికీ గుండ్లు. డాక్టర్ ఎవరని అడిగితే 'వస్తుంటడు' అన్నారు. 'మీరు ఊఁ అనండి చాలు, మావాళ్లు జీపులో వచ్చి ఎత్తుకొస్తరు. మూడు నెలలు ఫోన్ ఉండదు, చూడనీకి రావద్దు. బయటికొచ్చేసరికి మీ ముందు పిల్లిలెక్క ఉంటడు' అన్నాడు అక్కడి మేనేజరు. బావకు ఆ మాట నచ్చింది. నాకు మాత్రం లోపలి గదిలోంచి ఎవరో 'అమ్మా, ఒక్కసారి మా ఇంటికి ఫోన్ చెయ్యవా' అని నంబర్ చెప్పబోవడం వినపడింది. తలుపు మూసేశారు.

తర్వాత తెలిసింది, అక్కడ నేను చూసిన దాంట్లో చాలా వరకు చట్టానికి విరుద్ధమని. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో తాగుడు, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా ఉన్నాయి. అలాంటి వైద్యం చేసే ఏ చోటైనా రిజిస్టర్ అయి ఉండాలి. బలవంతంగా గుండు చేయకూడదు, గొలుసులు వేయకూడదు. ఇంటివాళ్లతో మాట్లాడే హక్కు, వచ్చినవాళ్లను కలిసే హక్కు రోగికి ఉంది. మనిషి తనకు తానుగా ఒప్పుకుని చేరడమే మామూలు పద్ధతి. నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉంటే ఇంటివాళ్ల ద్వారా చేర్చుకోవడానికి డాక్టర్లు పరీక్షించి చూసే పద్ధతి వేరే ఉంది. జీపు, నలుగురు మనుషులు ఆ పద్ధతిలో లేరు.

ఎంజీఎంలో ఓపీకి వచ్చిన ఒకామె నాకు 14446 నంబర్ ఇచ్చింది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే ఉచిత హెల్ప్‌లైన్, మత్తు మానాలనుకునే వాళ్ల కోసం. అదే శాఖ సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే డీ-అడిక్షన్ కేంద్రాలు కొన్ని ఉన్నాయని, అక్కడ వైద్యానికి, భోజనానికి డబ్బులు తీసుకోరని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. ఇలాంటివి ఉన్నాయని మా వాడలో ఇప్పటికీ చాలామందికి తెలియదు, నాకు అదే బాధ. వేలకు వేలు అప్పు చేసి గ్రిల్స్ ఇళ్లలో పెడుతున్నారు.

ఫోన్ నేను చేశాను గానీ, రెండోసారి కేంద్రం వాళ్లు చేసినప్పుడు ఆయనే తీసుకున్నాడు. ఎన్ని రోజులు ఉండాలి, ఏం మాత్రలిస్తారు అని అడుగుతాడనుకున్నాను. 'పిల్లలు వస్తే కలవనిస్తరా సార్?' అని అడిగాడు. ఆదివారాలు రావచ్చన్నారు. ఆ రోజే బట్టలు సర్దుకున్నాడు. ఆయన వెళ్లడానికి ఒప్పుకున్నది నా ఏడుపుకు కాదు, బావ బెదిరింపుకు కాదు. పిల్లలకు దూరం చెయ్యరన్న ఆ ఒక్క మాటకు. తండ్రులకు వైద్యం గురించి ఆలోచించేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. తాగినన్నాళ్లూ ఆయన తండ్రిగా పనికిరాడన్న మాటే విన్నాడు. చికిత్స కూడా అదే మాటతో మొదలైతే మనిషి దేనికోసం మానాలి?

మాకు ఒక కూతురు, ఒక కొడుకు. అప్పుడు పెద్దది ఎనిమిదో తరగతి, చిన్నోడు మూడు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు డాడీకి జ్వరమని చెప్పాం. కేంద్రంలో కౌన్సెలర్ సార్ ఆ మాట వినగానే, పిల్లలకు నిజం చెప్పాలన్నాడు, వాళ్ల వయసుకు తగ్గట్టు. 'డాడీకి తాగుడు జబ్బు వచ్చింది, తగ్గడానికి ఇక్కడ ఉంటున్నాడు' అని. ఒక ఆదివారం ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని మూడు మాటలు చెప్పాడు. ఈ జబ్బు మీ వల్ల రాలేదు. దాన్ని ఆపడం మీ చేతుల్లో లేదు. నయం చెయ్యడం మీ పని కాదు. చిన్నోడు తల ఊపాడు. పెద్దది మాత్రం నేల చూపులు చూస్తూ అడిగింది: 'మరి నేను ఫీజు అడిగిన రోజు తాగిండు కదా సార్?'

మా ఆయన మొహం అప్పుడు ఎలా ఉందో నేను రాయలేను.

ఇంకోటి కూడా బయటపడింది. తాగి వచ్చిన మర్నాడు ఆయన పెద్దదాని తల మీద చెయ్యి పెట్టి 'నీ మీద ఒట్టు, ఇక ముట్ట' అనేవాడు. మన ఇళ్లలో మామూలే కదా ఇది. ఒట్టు తప్పిన రోజుల్లో ఒకసారి దానికి జ్వరం వచ్చింది. డాడీ ఒట్టు తప్పినందుకే తనకు ఏదో అవుతుందని, చచ్చిపోతానని అది రాత్రుళ్లు నిద్రపోకుండా పడుకునేదట. ఎవరికీ చెప్పలేదు. కౌన్సెలర్ సార్ ఆ రోజు గట్టిగా చెప్పాడు: పిల్లల మీద ఒట్టు వెయ్యడం ఇవాళ్టితో బంద్. దేవుడి మీద కూడా వద్దు. పెద్ద పెద్ద మాటలు ఇవ్వకండి, చెయ్యగలిగిన చిన్న పని చెప్పండి, చెప్పింది చెయ్యండి. 'ఆదివారం నీకు ఫోన్ చేస్త' అంటే ఆదివారం ఫోన్ రావాలి, అంతే. అత్తమ్మ చిన్నోడిని పిలిచి 'పోయి మీ డాడీ నోరు వాసన చూసి రారా' అనే అలవాటు కూడా మానిపించాడు. కాపలా కాయడం పిల్లల పని కాదని అత్తమ్మకు ఆయనే కూర్చోబెట్టి చెప్పాడు. ఆమె ఏడ్చింది, కానీ మానింది.

నెల రోజులు అక్కడ ఉండి వచ్చాక ఇంటి దగ్గరి కథ వేరు. లివర్ పరీక్షల్లో అంకెలు ఎక్కువగా ఉన్నాయని డాక్టర్ అకాంప్రోసేట్ మాత్రలు రాశాడు. అది లివర్ మీద భారం వెయ్యదు, కిడ్నీల ద్వారా బయటికి పోతుంది, తాగాలన్న యావ తగ్గిస్తుంది. పూటకు రెండు చొప్పున మూడు పూటలు. పొద్దున, రాత్రి బాధ లేదు. మధ్యాహ్నం మాత్రలే కష్టం. అడ్తిలో పది మంది ముందు జేబులోంచి తీసి వేసుకోవాలి. 'ఏం గోళీలు గుమాస్తా?' అని ఎవరో ఒకరు అడుగుతారు. మొదట్లో గోదాం వెనక్కి పోయి వేసుకునేవాడు, కొన్నిసార్లు ఎగ్గొట్టేవాడు. తర్వాత అన్నం డబ్బా మూతలో పెట్టి పంపడం మొదలుపెట్టాను. మూత తీస్తే మాత్రలు, అన్నంతో పాటు అయిపోతాయి. ఎవరైనా అడిగితే 'లివర్‌కు' అని చెబుతాడు. అబద్ధమేం కాదు.

జీతం సంగతి ఆయనే సేటుతో మాట్లాడాడు. వారం కూలి సాయంత్రం చేతికి నోట్లుగా వచ్చేది, మార్కెట్ బయట అడుగు పెడితే వైన్స్. నేను పోయి సేటును అడుగుతానంటే కౌన్సెలర్ సార్ వద్దన్నాడు. 'అడగాల్సింది ఆయన. లేకపోతే మీరు ఆయన్ని చిన్నపిల్లాడిని చేసినట్టు.' ఆయనే అడిగి డబ్బులు నా ఫోన్‌పేకు వేయించాడు. పెద్దదాని ఫీజు మాత్రం నేను కట్టను. స్కూలుకు పోయి కట్టి, రసీదు దాని చేతికిచ్చేది ఆయనే.

యావ పుట్టినప్పుడు ఏం చెయ్యాలో నేర్పించారు. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏది ఉందో ముందు చూసుకోమంటారు. చాలాసార్లు ఆకలే. మిర్చి సీజన్‌లో మధ్యాహ్నం అన్నం సాయంత్రం నాలుగింటికి తింటే ఇంకేమవుతుంది. యావ ఎంత గట్టిగా ఉన్నా చాలాసార్లు ఓ అరగంటలో తగ్గుతుందట. ఆ అరగంట దాటించడానికి ఆయన పెద్దదానికో నాకో ఫోన్ చెయ్యకూడదని మొదటే అనుకున్నాం. దానికి వేరే మనిషి కావాలి.

ఆ మనిషి ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులో దొరికాడు. ఏఏ అంటారు. 1935లో అమెరికాలో ఒకరికొకరు సాయం చేసుకున్న ఇద్దరు తాగుబోతులతో మొదలైన సంఘం. ఫీజు లేదు, పేరు బయట చెప్పరు, మానాలన్న కోరిక ఉంటే చాలు. తెలుగులో మాట్లాడుకునే మీటింగులు ఉన్నాయి, ఫోన్‌లో ఆన్‌లైన్‌గా కూడా జరుగుతాయి. మా ఆయన మొదట పోనన్నాడు. 'నేను గంత తాగుబోతునా, పోయి అందరి ముందు చెప్పుకోవాల్నా?' అని. ఒకసారి పోయొచ్చాక మాత్రం రాత్రి చాలాసేపు మాట్లాడాడు. అక్కడ ఒక పెద్దాయన, తాగుడు మానేసి ఏళ్లయినా కొడుకు ఇంకా తనతో సరిగా మాట్లాడడని, అయినా వాడి పుట్టినరోజుకు పోయి వస్తానని చెప్పాడట. 'పిల్లలు వెంటనే మాఫ్ చెయ్యరు, చెయ్యాలని అడగొద్దు కూడా' అన్నాడట. ఆ మాట నేనెన్నిసార్లు చెప్పినా ఎక్కేది కాదు. ఇంకో తండ్రి చెబితే ఎక్కింది. ఆ పెద్దాయననే తన స్పాన్సర్‌గా, అంటే తోడుండి దారి చూపే పాత సభ్యుడిగా పెట్టుకున్నాడు. యావ వస్తే ఆయనకే ఫోన్. తాగేవాళ్ల ఇంటివాళ్లకు 1951 నుంచి ఆల్-అనాన్ అని వేరే సంఘం ఉంది. నేను ఫోన్‌లో దాంట్లో కూర్చుంటాను. అక్కడ ఎవరూ నాకు 'సర్దుకుపో' అని చెప్పరు, 'వదిలేయ్' అనీ చెప్పరు. చెప్పింది వింటారు. నాకు అదే కావాలి.

2023లో ఒకసారి జారాడు. దగ్గరి బంధువు దినాలకు పోయాం. మన వైపు దినాల రోజు మటన్, మందు లేకుండా జరగదు. 'పోయినాయన పేరు మీద ఒక్కటి పట్టు' అని చేతికిచ్చారు. ఆ రాత్రి ఇంటికి రాలేదు. మరుసటి రోజు వచ్చినప్పుడు నేను గొంతెత్తలేదు, ఎందుకంటే ఇలా జరగొచ్చని, జరిగితే ఏం చెయ్యాలో ముందే కేంద్రంలో రాసి ఇచ్చారు. వెంటనే డాక్టర్ దగ్గరికి పోవాలి, స్పాన్సర్‌కు చెప్పాలి, పిల్లలకు అబద్ధం చెప్పకూడదు. అవే చేశాం. బీపీ, షుగరు పెరిగినవాళ్లు మళ్లీ డాక్టర్ దగ్గరికి పోరా, ఇదీ అంతేనని డాక్టర్ అన్నాడు. పిల్లలకు ఆయనే చెప్పాడు: 'నిన్న తాగిన. డాక్టర్ దగ్గరికి పోతున్న.' ఒట్టు వెయ్యలేదు. పెద్దది ఏమీ అనకుండా స్కూలుకు పోయింది. సాయంత్రం వచ్చి 'డాక్టర్ ఏమన్నడు?' అని అడిగింది.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతర. మాకు సమ్మక్క సారలమ్మ ఇలవేల్పు లాంటిది, పోకుండా ఉండలేం. కానీ అక్కడ గుడారం వేసుకుని కోళ్లు, మేకలు కోసి నాలుగు రోజులు ఉండే చుట్టాల మధ్య మందు ఏరులై పారుతుంది. ముందే కూర్చుని మాట్లాడుకున్నాం. చుట్టాల ట్రాక్టర్‌లో కాకుండా ఆర్టీసీ బస్సులో, పిల్లలతో. జంపన్నవాగులో స్నానం, గద్దెల దగ్గర బంగారం (అక్కడ బెల్లాన్నే బంగారం అంటారు) మొక్కు, రాత్రికల్లా వెనక్కి. చిన్నోడి ఎత్తు బంగారం తూచి ఇస్తానని ఆయన మొక్కుకున్నాడు. బెల్లం ముద్ద నెత్తిన పెట్టుకుని ఆ జనంలో ఆయన నడుస్తుంటే చిన్నోడు ముందు ముందు దారి చేశాడు. మా బావ ఫోన్ చేసి 'ఒక్క రాత్రి ఉంటే ఏమైతది' అన్నాడు. 'పిల్లలకు బడి ఉంది' అని ఆయనే జవాబు చెప్పాడు.

మాత్రలు డాక్టర్ చెప్పాకే, మెల్లగా ఆపాం. మీటింగులకు ఇంకా పోతున్నాడు. మాల కూడా వేసుకుంటున్నాడు, డాక్టర్‌కు చెప్పే వేసుకున్నాడు. ఇప్పుడు దానికీ తాగుడుకూ సంబంధం లేదు. పెద్దది ఇంటర్‌కు వచ్చింది. ఏదైనా కావాలంటే ముందు నన్నే అడుగుతుంది, తండ్రిని అడగదు. తమ్ముడు మాత్రం అడిగేస్తాడు. ఆమెను బలవంతపెట్టొద్దని ఆయనకు తెలుసు.

నన్ను ఎవరైనా అడిగితే చెప్పేవి ఇవే. రోజూ తాగే మనిషిని ఇంట్లో కట్టేసి మాన్పించకండి, ముందు ఆసుపత్రిలో చూపించండి. ఇప్పటికే వణుకుతూ పిచ్చిగా మాట్లాడుతుంటే ఆగకుండా 108. సెంటర్ కోసమైతే 14446. మనసు బాగాలేక మీకే ఎవరితోనైనా మాట్లాడాలనుంటే టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ఏ సెంటర్‌కు పోయినా రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి, డాక్టర్ ఏ రోజు వస్తాడో, రాత్రి ఫిట్స్ వస్తే ఎవరున్నారో అడగండి. పిల్లలను ఎప్పుడు తీసుకురావచ్చో కూడా అడగండి. 'పిల్లలెందుకమ్మా ఇక్కడికి' అని విసుక్కుంటే ఇంకో చోటు చూసుకోండి.